ఎమీలియా లానియర్: పుకార్లు, దస్తావేజులు, ఒక పుస్తకం

నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లిషు కవయిత్రి ఎమీలియా లానియర్ గురించి ఇంటర్నెట్‌లో వెతికితే సాధారణంగా మూడు మాటలు ముందుగా కనబడతాయి. షేక్స్‌పియర్ సానెట్లలో (పద్నాలుగు పాదాల పద్యాల్లో) వచ్చే 'డార్క్ లేడీ', అంటే నల్లని స్త్రీ, ఈమేనట. ఈమెది మతం దాచుకుని బతికిన యూదు కుటుంబమట. ఇంకొంచెం ఉత్సాహం ఉన్నవాళ్ళు అసలు షేక్స్‌పియర్ నాటకాలు రాసిందే ఈమె అంటారు. పక్కన ఒక బొమ్మ కూడా పెడతారు. అది నికొలస్ హిలియర్డ్ గీసిన చిన్న చిత్రం. అందులో ఉన్న స్త్రీ ఎవరో ఇప్పటికీ తేలలేదు.

ఈ హడావుడిలో వెనక్కిపోయింది ఆమె రాసిన పుస్తకం. 1611లో లండన్‌లో అచ్చయిన ఆ కవితా సంపుటికి 'సాల్వే దేఉస్ రెక్స్ యుదెయోరుమ్' అని లాటిన్ పేరు. 'యూదుల రాజైన దేవా, నీకు వందనం' అని దానర్థం. ఇంగ్లండులో అంతకుముందు స్త్రీలు పద్యాలు అచ్చు వేయించలేదని కాదు. ఇసబెల్లా విట్నీ నలభై ఏళ్ళ ముందే ఆ పని చేసింది. కానీ సొంత పేరుతో, ఇంత పెద్ద స్వతంత్ర కావ్యంతో, రాణి మొదలుకుని తొమ్మిదిమంది గొప్పింటి స్త్రీలకు అంకిత పద్యాలు రాసి, వృత్తి కవులు ఆశ్రయం అడిగే పద్ధతిలోనే బహిరంగంగా నిలబడిన ఆడమనిషి ఆ కాలంలో చాలా అరుదు.

ఆమె కుటుంబ చరిత్ర తెలుసుకోదగ్గదే. అయితే దాన్ని చాలామంది షేక్స్‌పియర్ గదికి తాళంచెవిలా వాడారు. నా ఉద్దేశంలో ఆ కుటుంబ చరిత్ర బాగా పనికొచ్చేది ఆమె సొంత పుస్తకాన్ని అర్థం చేసుకోవడానికి. ముందు చిక్కుముడులు విప్పుకుంటూ వెళ్దాం.

మొదటి ముడి: సైమన్ ఫోర్మన్ డైరీ

ఎమీలియా గురించి మనకు తెలిసిన వ్యక్తిగత విషయాల్లో ఎక్కువ భాగం ఒకే మనిషి రాతల్లోంచి వచ్చాయి. ఆయన సైమన్ ఫోర్మన్. లండన్‌లో జ్యోతిషం, వైద్యం రెండూ కలిపి నడిపినవాడు. వచ్చినవాళ్ళ పేరు, వయసు, వచ్చిన వేళ, అడిగిన ప్రశ్న రాసుకుని, ఆ ఘడియకు చక్రం వేసి జవాబు చెప్పేవాడు. మన జ్యోతిష్కులు 'ప్రశ్న' చూడడం అంటారే, ఆ పద్ధతే. ఆయన రాసుకున్న కేసు పుస్తకాలు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి.

1597 మే నెలలో ఎమీలియా మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళింది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. భర్త ఆల్ఫోన్సో, ఎసెక్స్ ప్రభువు నౌకాదళంతో అజోర్స్ దీవుల యాత్రకు బయలుదేరే ప్రయత్నంలో ఉన్నాడు. అతనికి నైట్ బిరుదు వస్తుందా, తనకు 'లేడీ' హోదా దక్కుతుందా అన్నది ఆమె టెన్షన్. ఫోర్మన్ ఆమె నోటి నుంచి విన్నవన్నీ రాసుకున్నాడు: తండ్రి చిన్నప్పుడే పోయాడు, ఆయన చివరి రోజుల్లో ఆస్తి కరిగిపోయింది, తను కెంట్ కౌంటెస్ దగ్గర పెరిగింది, ఒక పెద్ద ప్రభువు తనను చాలాకాలం పోషించాడు, ఏడాదికి 40 పౌండ్లు ఇచ్చేవాడు, కడుపు పండాక పెళ్ళి చేసి పంపేశారు, మొగుడు ఉన్నదంతా ఖర్చు చేశాడు, ఇప్పుడు అప్పుల్లో ఉంది. పదేపదే గర్భం పోయిన సంగతి కూడా ఆ పేజీల్లో ఉంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఫోర్మన్ మాత్రం నమ్మదగ్గ గుమాస్తా కాదు. తన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళతో సంబంధాలు పెట్టుకునే అలవాటు అతనికి ఉంది. దానికొక సొంత రహస్య పదం కూడా వాడుకునేవాడు. ఎమీలియా తనకు లొంగుతుందా అని కూడా చక్రం వేసి చూశాడు. ఆమె ఇంటికి వెళ్ళాడు. చనువుగా ఉంది గానీ అసలు సంగతికి ఒప్పుకోలేదని తనే రాసుకున్నాడు. ఆ తర్వాత ఆమె గురించి వాడిన మాటలు చెడ్డగా మారిపోయాయి. కాబట్టి ఆమె పుట్టుపూర్వోత్తరాల గురించి అతను ఇచ్చిన వివరాలు రిజిస్టర్లతోనూ వీలునామాలతోనూ సరిపోతే తీసుకోవచ్చు. ఆమె శీలం గురించి అతను ఇచ్చిన సర్టిఫికెట్ మాత్రం భంగపడ్డ మగవాడి రాత.

రెండో ముడి: డార్క్ లేడీ

1973లో చరిత్రకారుడు ఎ. ఎల్. రౌస్ ఈ ఫోర్మన్ కాగితాలు చదివి, షేక్స్‌పియర్ డార్క్ లేడీ దొరికేసిందని పత్రికల్లో ప్రకటించాడు. 1609లో వచ్చిన షేక్స్‌పియర్ సానెట్లలో 127 నుంచి 152 దాకా నల్లని కళ్ళు, నల్లని జుట్టు ఉన్న ఒక స్త్రీ గురించి కవి మోహంతోనూ కోపంతోనూ రాశాడు. ఒక సానెట్‌లో ఆమె మీటలున్న (కీబోర్డు) వాయిద్యం వాయిస్తుంది. రౌస్ లెక్క ఇలా సాగింది: ఎమీలియా సంగీత విద్వాంసుల ఇంటి పిల్ల. ఇటలీ రక్తం కాబట్టి ఛాయ తక్కువ. ఆమెను పోషించిన ప్రభువు హెన్రీ కేరీ, అంటే లార్డ్ హన్స్‌డన్, షేక్స్‌పియర్ నాటక బృందానికి పోషకుడు. పైగా ఫోర్మన్ ఆమెను 'వయసులో ఉన్నప్పుడు చామనఛాయగా ఉండేది' అని రాశాడు. భర్త పేరు విలియం. సానెట్లలో 'విల్' అన్న పేరు మీద శ్లేషలు ఉన్నాయి కదా!

ఆఖరి రెండు ఆధారాలూ కొద్దిరోజుల్లోనే కూలిపోయాయి. ఫోర్మన్ చేతిరాతలో ఉన్నది 'బ్రౌన్' కాదు, 'బ్రేవ్' అని స్టాన్లీ వెల్స్ చూపించాడు. ఆనాటి ఇంగ్లిషులో దానికి దర్జాగా, ఠీవిగా ఉండడం అన్న అర్థం ఉంది. అంటే ఆమె రంగు గురించి ఫోర్మన్ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఇక భర్త పేరు విలియం కానే కాదు, ఆల్ఫోన్సో. రౌస్ తర్వాతి ముద్రణల్లో తప్పులు దిద్దుకున్నాడు గానీ సిద్ధాంతాన్ని మాత్రం వదల్లేదు. అలాంటి పట్టుదల ఉన్న పండితులు మనకూ బాగా పరిచయమే.

మిగిలింది హన్స్‌డన్ సంబంధం. ఇక్కడ తేదీలు చూడాలి. ఎమీలియా గర్భవతి అయి, పెళ్ళి చేసుకుని హన్స్‌డన్ నీడ నుంచి వెళ్ళిపోయింది 1592లో. హన్స్‌డన్ పోషణలో షేక్స్‌పియర్ ఉన్న నాటక బృందం ఏర్పడింది 1594లో. ఇద్దరూ ఎక్కడైనా తారసపడి ఉండొచ్చు. లండన్ అప్పటికి ఏమంత మహానగరం కాదు. కానీ వాళ్ళిద్దరూ కలిశారని చెప్పే కాగితం ముక్క ఒక్కటి కూడా లేదు. ఇక 'వెనిస్ వర్తకుడు'లో బస్సానియో అనే పాత్ర ఉంది, 'ఒథెల్లో'లో ఎమీలియా ఉంది, కాబట్టి నాటకాలు ఆమే రాసింది అనే వాదన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పేర్లు కలిసినంత మాత్రాన కర్తృత్వం మారిపోతే ప్రపంచంలో ఏ పుస్తకమూ దాని రచయిత దగ్గర మిగలదు.

మూడో ముడి: బస్సానో కుటుంబం

ఆమె పుట్టింటి పేరు బస్సానో. ఇటలీలో వెనిస్‌కు వాయవ్యంగా, కొండల అంచున, బ్రెంటా నది ఒడ్డున బస్సానో అనే ఊరుంది. ఆ ఊరి పేరే వీళ్ళ ఇంటిపేరు అయింది. ఎమీలియా తాత జెరోనిమో అక్కడి నుంచి వెనిస్ చేరిన వాద్యకారుడు. అతని కొడుకులు ఊదే వాయిద్యాలు వాయించడంలోనూ, వాటిని తయారుచేయడంలోనూ దిట్టలు. అప్పట్లో ఎనిమిదో హెన్రీ ఆస్థానంలో ఇటలీ సంగీతం మీద మహా మోజు. వెనిస్‌లో ఉన్న ఇంగ్లిషు ప్రతినిధి ద్వారా ఈ అన్నదమ్ములకు పిలుపు వెళ్ళింది. 1540 నాటికి ఆల్విసే, జాస్పర్, జాన్, ఆంథొనీ, బాప్టిస్టా రాజు కొలువులో ఉన్నారు. వీళ్ళలో బాప్టిస్టా ఎమీలియా తండ్రి.

వీళ్ళకు బస ఎక్కడ ఇచ్చారో చూడండి. చార్టర్‌హౌస్ మఠంలో. రాజు మత విధానానికి ఎదురుతిరిగినందుకు అక్కడి సన్యాసుల్లో కొందరిని 1535లో చంపించారు, తర్వాత మఠాన్నే మూసేశారు. ఖాళీ అయిన ఆ గదుల్లో ఇటలీ సంగీతకారుల కుటుంబాలు దిగాయి. కొన్నేళ్ళకు ఆ స్థలం చేతులు మారింది, వీళ్ళని కూడా ఖాళీ చేయించారు. రాజు దయతో వచ్చిన ఇల్లు ఎప్పుడైనా పోవచ్చన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది.

కొలువు మాత్రం నిలబడింది. రికార్డర్ అనే నిలువు పిల్లనగ్రోవిని బృందంగా వాయించే ఉద్యోగం దాదాపు తొంభై ఏళ్ళు ఈ కుటుంబం చేతుల్లోనే ఉంది. తండ్రి తర్వాత కొడుకు, బాబాయి తర్వాత అన్న కొడుకు. వాళ్ళు చేసిన వాయిద్యాలకు ఐరోపా అంతటా గిరాకీ. ఆస్థాన సంగీతకారుడి స్థానం ఒక వింత స్థానం. జీతం ఉంటుంది, రాజముద్ర ఉన్న దుస్తులు ఇస్తారు, రాణికి పది అడుగుల దూరంలో నిలబడే అవకాశం ఉంటుంది. అయినా లెక్కలో సేవకుడే. ప్రభువులతో కలిసి ఉంటాడు గానీ ప్రభువు కాడు. ఎమీలియా జీవితమంతా ఈ గడప మీదే గడిచింది.

యూదులా? కాదా?

ఇంగ్లండు నుంచి యూదులను 1290లో బహిష్కరించారు. వాళ్ళు బహిరంగంగా మళ్ళీ అడుగుపెట్టింది 1656లో. మధ్యలో క్రైస్తవులమని చెప్పుకుంటూ బతికిన కొద్దిమంది ఉండేవారు. రోజర్ ప్రయర్ అనే పరిశోధకుడు బస్సానోలు అలాంటివాళ్ళేనని వాదించాడు. కుటుంబ చిహ్నంలో పట్టుపురుగు చిలకలు, మల్బరీ చెట్టు ఉన్నాయి. పట్టు వ్యాపారంతో ఇటలీ యూదులకు సంబంధం ఉండేది. వీళ్ళు పెళ్ళి సంబంధాలు చేసుకున్న లూపో కుటుంబానికి యూదు మూలాలు ఉన్నాయని చెప్పడానికి ఇంకొంచెం గట్టి ఆధారాలు ఉన్నాయి. ఎమీలియా పెదనాన్న ఆల్విసే కూతురు లారా పెళ్ళాడింది లూపో ఇంటి జోసెఫ్‌ను.

వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ అంతా సందర్భం మీద నడిచే వాదన. పట్టుపురుగు పెంచిన ప్రతివాడూ యూదుడు కాడు. లూపోలతో వియ్యానికి ఒకే కొలువు, ఒకే భాష, ఒకే వీధి చాలు. ఆ తర్వాత ఇటలీలో బస్సానో పట్టణపు దస్తావేజులు తిరగేసిన అలెస్సియో రుఫ్ఫట్టి, ఈ కుటుంబం అక్కడ 'పీవా' అన్న పేరుతో మామూలు క్రైస్తవ కుటుంబంగానే కనిపిస్తోందని తేల్చాడు. పీవా అంటే ఇటలీలో తిత్తి వాయిద్యం పేరు. అంటే ఊరి పేరు ఇంటిపేరు కాకముందు, వాయిద్యం పేరే ఇంటిపేరు!

పుస్తకం పేరులో 'యూదుల రాజు' ఉంది కదా అని కొందరు దాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. సిలువ మీద క్రీస్తు తలపైన రాసిపెట్టిన మాట అది. చర్చికి వెళ్ళే ఎవరికైనా తెలుసు. పైగా కావ్యం లోపల, క్రీస్తును చంపించినవాళ్ళని చెప్పేటప్పుడు ఆమె యూదులను నాటి మిగతా క్రైస్తవ కవులు తిట్టినట్టే తిట్టింది. దాచిన మతం ఉంటే అలాగే రాయాల్సి వచ్చేదని మళ్ళీ వాదించవచ్చు. ఏ ఆధారాన్నయినా తనవైపే తిప్పుకోగల సిద్ధాంతం ఇలాంటిది, అందుకే దానితో జాగ్రత్తగా ఉండాలి. ఇప్పటికి ఉన్న కాగితాల మీద నేనైతే 'రుజువు కాలేదు' దగ్గరే ఆగుతాను.

వీలునామాలో ఒక మాట

అందరూ యూదు ప్రశ్న దగ్గర ఆగిపోతారు గానీ, నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది బాప్టిస్టా వీలునామా. ఎమీలియాకు 1569 జనవరి 27న లండన్ బిషప్స్‌గేట్ పక్కనున్న సెయింట్ బొటాల్ఫ్ చర్చిలో బాప్తిస్మం ఇచ్చారు. తల్లి మార్గరెట్ జాన్సన్. తండ్రి 1576లో చనిపోయాడు. పిల్లకు అప్పటికి ఏడేళ్ళు. వీలునామాలో మార్గరెట్‌ను ఆయన 'భార్యగా చెప్పబడుతున్న' మనిషిగా రాశాడు. కలిసి కాపురం చేశారు, లోకం భార్యాభర్తలనే అనుకుంది, చర్చిలో పెళ్ళి మాత్రం జరిగినట్టు లేదు. ఎమీలియాకు ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చినప్పుడు గానీ, పెళ్ళి నాడు గానీ 100 పౌండ్లు ఇవ్వాలని రాశాడు. మార్గరెట్ 1587లో పోయింది.

చట్టం దృష్టిలో ఈ పిల్ల స్థానం అంత గట్టిది కాదన్నమాట. తండ్రి విదేశీయుడు, తల్లి 'చెప్పబడుతున్న' భార్య, ఆస్తి అంతంతమాత్రం. కుటుంబ వృత్తి వాయిద్యం. ఆ కొలువు మగపిల్లలకే. ఆడపిల్లకు మిగిలిన దారి ఏదైనా పెద్దింటి ఆశ్రయం. ఆమెకు దొరికింది కెంట్ కౌంటెస్ సూసన్ బర్టీ ఇల్లు. సూసన్ తల్లి కాథరిన్ విలోబీ, సఫోక్ డచెస్, పట్టుదల గల ప్రొటెస్టెంట్. కాథలిక్ మేరీ రాణి కాలంలో మతం కోసం పసిపిల్ల సూసన్‌ను తీసుకుని దేశం విడిచి వెళ్ళిన మనిషి. ఆడవాళ్ళు చదువుకోవడం, బైబిల్‌ను సొంతంగా అర్థం చేసుకోవడం ఆ ఇంట్లో కొత్త సంగతులు కావు. తర్వాత పుస్తకంలో ఎమీలియా సూసన్‌ను తన చిన్ననాటి యజమానురాలిగా, దారి చూపిన మనిషిగా తలుచుకుంది. నా లెక్కలో ఆమె కవిత్వానికి బస్సానో రక్తం కంటే ఈ ఇల్లే దగ్గరి మూలం.

ఆ తర్వాత వచ్చినవాడు హన్స్‌డన్. ఎలిజబెత్ రాణి తల్లికి తోబుట్టువైన మేరీ బోలీన్ కొడుకు, ఆస్థానంలో లార్డ్ ఛాంబర్లేన్ (రాజగృహ వ్యవహారాలు చూసే పెద్ద అధికారి), ఎమీలియా కంటే నలభై మూడేళ్ళు పెద్ద. ఇందులో ప్రేమ ఎంత, బతుకుతెరువు ఎంత అని కొలిచే సాధనం మన దగ్గర లేదు. 1592 అక్టోబరు 18న ఆల్ఫోన్సో లానియర్‌తో పెళ్ళి. తర్వాతి ఏడాది కొడుకు పుట్టాడు. పేరు హెన్రీ. ఆ పేరు ఎవరిదో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆల్ఫోన్సో కూడా ఆస్థాన వాద్యకారుడే. లానియర్లు ఫ్రాన్సులోని రూఆన్ నుంచి వచ్చిన కుటుంబం. ఆల్ఫోన్సో తండ్రి నికొలస్, ఎమీలియా పెదతండ్రి వరస ఆంథొనీ కూతురు లుక్రీషియాను పెళ్ళాడాడు. మనవాళ్ళ లెక్క ప్రకారం లుక్రీషియా ఎమీలియాకు అక్క అవుతుంది, ఆల్ఫోన్సో కొడుకు వరస అవుతాడు! లండన్ సంగీతకారులకు అలాంటి పట్టింపులు లేవు. కొలువులు ఇళ్ళలోనే ఉండాలి, సంబంధాలు కూడా అక్కడక్కడే తిరగాలి. ఆల్ఫోన్సో అన్న కొడుకు, తాత పేరే పెట్టుకున్న నికొలస్ లానియర్, తర్వాతి కాలంలో ఇంగ్లండు రాజుకు మొట్టమొదటి 'మాస్టర్ ఆఫ్ ది కింగ్స్ మ్యూజిక్' అయ్యాడు. ఎమీలియాకు 1598 చివర ఒడిలియా అనే కూతురు పుట్టి, పది నెలలకే పోయింది. ఆల్ఫోన్సోకు నైట్ బిరుదు రాలేదు.

పుస్తకం

ఇప్పుడు 1611 దగ్గరికి వద్దాం. పుస్తకం అట్ట మీద ఆమె పేరు కింద 'రాజుగారి సేవకుడు కెప్టెన్ ఆల్ఫోన్సో లానియర్ భార్య' అని ఉంటుంది. లోపల అంకితాలన్నీ స్త్రీలకే: ఆన్ రాణి, యువరాణి ఎలిజబెత్, మేరీ సిడ్నీ, సూసన్ బర్టీ, ఇంకా పలువురు. మధ్యలో ప్రధాన కావ్యం, క్రీస్తు మరణ గాథ. కానీ కథ నడుస్తుండగా కవయిత్రి ఆగి వాదన మొదలుపెడుతుంది.

బైబిల్‌లో, క్రీస్తుకు శిక్ష వేసిన రోమన్ అధికారి పిలాతు భార్య ఒక్క వాక్యంలో కనిపిస్తుంది. తనకు కల వచ్చిందని, ఆ నీతిమంతుడి జోలికి పోవద్దని భర్తకు కబురు పంపుతుంది. ఎమీలియా ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని హవ్వ తరఫున పెద్ద వకాల్తా నడిపింది. హవ్వ పండు తిన్నది తెలియక. ఆదాముకు ఇచ్చింది ప్రేమతో. ఆదాము బలవంతుడు, దేవుడి ఆజ్ఞను నేరుగా విన్నవాడు. వద్దని ఉంటే సరిపోయేది. మగవాళ్ళు ఈనాడు తెలివి తమదని గొప్పలు పోతారు, ఆ తెలివి వాళ్ళకు అందింది హవ్వ చేతి నుంచేగా? సరే, హవ్వది తప్పే అనుకుందాం. క్రీస్తును తెలిసి తెలిసి సిలువ వేయించిన మగవాళ్ళ పాపం ముందు అదెంత? కాబట్టి మా స్వేచ్ఛ మాకు తిరిగి ఇచ్చేయండి, మా మీద పెత్తనం మానండి. పదిహేడో శతాబ్దం మొదట్లో, చర్చి అనుమతి లేనిదే అక్షరం అచ్చుకాని దేశంలో, ఇది మామూలు ధైర్యం కాదు. బైబిల్‌ను కాదనకుండా, బైబిల్ లోపలే నిలబడి వాదించడంలో ఆమె లౌక్యం కూడా కనిపిస్తుంది.

పుస్తకం చివర 'కుకమ్ వర్ణన' అనే చిన్న కవిత ఉంది. కుకమ్ థేమ్స్ ఒడ్డున ఉన్న ఎస్టేటు. కంబర్లాండ్ కౌంటెస్ మార్గరెట్, కూతురు ఆన్ క్లిఫర్డ్ అక్కడ కొన్నాళ్ళు ఉన్నారు, ఎమీలియా కూడా వాళ్ళతో గడిపింది. వాళ్ళు వెళ్ళిపోతుంటే చెట్లూ పిట్టలూ దిగులు పడతాయి. కౌంటెస్ ఒక ఓక్ చెట్టును ముద్దు పెట్టుకుని సెలవు తీసుకుంటుంది. ఆ తర్వాత కవయిత్రి వెళ్ళి, చెట్టుకు అంత భాగ్యం ఎందుకని, ఆ ముద్దును చెట్టు నుంచి తను దొంగిలిస్తుంది. కౌంటెస్ నుంచి నేరుగా అందనిది చెట్టు ద్వారా తీసుకోవాలి. అంతస్తు అంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు ఆ కాలపు ఇంగ్లిషు కవిత్వంలో నాకు కనబడలేదు. పెద్దింటి ఎస్టేటును పొగిడే ఇంగ్లిషు కవితల్లో మొదట అచ్చయింది ఇదేనని చాలామంది ఒప్పుకుంటారు. ఆ రకానికి ఆద్యుడని పేరుపడ్డ బెన్ జాన్సన్ 'పెన్స్‌హర్స్ట్' కవిత 1616లో గానీ అచ్చు కాలేదు.

ఈ తల్లీకూతుళ్ళ కథే ఆమె కుటుంబ నేపథ్యం పుస్తకంతో ముడిపడే చోటు. మార్గరెట్ భర్త జార్జ్ క్లిఫర్డ్ 1605లో చనిపోతూ, ఉత్తర ఇంగ్లండులోని విశాలమైన భూములను కూతురికి కాకుండా తమ్ముడు ఫ్రాన్సిస్‌కు రాశాడు. కూతురికి 15,000 పౌండ్లు. పాత దస్తావేజుల ప్రకారం ఆ భూములు సంతతికే, ఆడైనా మగైనా, చెందాలని తల్లీకూతుళ్ళ వాదన. కోర్టులు, రాజుగారి పంచాయితీ, భర్త ఒత్తిడి, అన్నిటికీ ఆన్ ఎదురు నిలిచింది. చివరికి ఆ ఆస్తి ఆమెకు దక్కింది 1643లో, చిన్నాన్నా ఆయన కొడుకూ పోయాక.

ఆన్‌కు రాసిన అంకితంలో ఎమీలియా ఒక ప్రశ్న వేస్తుంది. లోకం మొదలైనప్పుడు తేడాలు ఎక్కడివి? అందరూ ఒక ఆడదానికీ ఒక మగవాడికీ పుట్టినవాళ్ళే కదా, మరి ఈ గొప్ప వంశం, తక్కువ వంశం అనేవి ఎలా వచ్చాయి? వంశం కోసమే కోర్టులకెక్కిన యువతికి రాసిన అంకితం అది! పొగడ్త అడిగే చోట నిలబడి పొగడ్త పునాదినే తవ్వేసింది. ఇది రాసింది 'చెప్పబడుతున్న' భార్యకు పుట్టిన కూతురు, ప్రభువు బిడ్డను సంగీతకారుడి ఇంటిపేరుతో పెంచుతున్న తల్లి అని గుర్తుంచుకుని చదివితే, ఆ పద్యం బరువే వేరు. తండ్రి తాతల వివరాలు ఎందుకు తవ్వాలి అని ఎవరైనా అడిగితే నేను చూపించే పేజీ ఇది.

పుస్తకం వల్ల ఆమెకు ఏమైనా దక్కిందా అంటే, కనబడే లాభం ఏదీ లేదు. ఇప్పటికి తొమ్మిది ప్రతులు మిగిలాయి. ఒక్కో ప్రతిలో అంకితాలు కొంచెం తేడాగా ఉంటాయి. అందుకునేవాళ్ళను బట్టి తీసి, పెట్టి కుట్టించారన్నమాట. ఒక ప్రతిని ఆల్ఫోన్సో స్వయంగా డబ్లిన్ ఆర్చిబిషప్ థామస్ జోన్స్‌కు కానుకగా ఇచ్చాడు. అంటే భార్య పుస్తకం కోసం ఆ మొగుడు కూడా తిరిగాడు. ఫోర్మన్ రాసినంత పనికిరానివాడు కాడేమో.

గడ్డి లైసెన్సు

మిగతా కథ డబ్బు కథ. 1604లో జేమ్స్ రాజు ఆల్ఫోన్సోకు ఒక హక్కు ఇచ్చాడు: లండన్‌కు అమ్మకానికి వచ్చే ఎండుగడ్డి, చొప్ప బళ్ళను తూకం వేయించి, గడ్డి బండికి 6 పెన్నీలు, చొప్ప బండికి 3 పెన్నీలు వసూలు చేసుకోవడం. గుర్రాల మీద నడిచే నగరంలో ఇది చిన్న రాబడి కాదు. 1613లో ఆల్ఫోన్సో చనిపోయాడు. ఎమీలియా ఆ హక్కును మరిది ఇన్నోసెంట్‌కు అప్పగించింది, తన వాటా తనకు వస్తుందన్న నమ్మకంతో. రావాల్సినంత రాలేదు. ఇరవై ఏళ్ళు గడిచాక కూడా భర్త తోబుట్టువులతో ఆ గొడవ నడుస్తూనే ఉంది.

మధ్యలో, 1617లో, సెయింట్ జైల్స్ పేటలో ఇల్లు అద్దెకు తీసుకుని బడి పెట్టింది. తన పోషణ కోసం మర్యాదస్థుల పిల్లలకు చదువు చెప్పాల్సి వచ్చిందని కోర్టు కాగితాల్లో తనే చెప్పుకుంది. అద్దె మీదా మరమ్మతుల మీదా ఇంటి యజమానితో తగాదా, అరెస్టు, రెండేళ్ళకే బడి మూత. కొడుకు హెన్రీ ఆస్థానంలో వేణువు వాయించే ఉద్యోగంలో కుదురుకున్నాడు గానీ 1633లో చనిపోయాడు. మనవరాలు మేరీ, మనవడు హెన్రీ చిన్నపిల్లలు. అరవై దాటిన ఎమీలియా వాళ్ళ పేరు చెప్పి గడ్డి డబ్బు వాటా కోసం మళ్ళీ అర్జీలు పెట్టుకుంది, మరిది క్లెమెంట్‌తో తగాదాలో ప్రీవీ కౌన్సిల్ (రాజుగారి సలహా మండలి) దాకా వెళ్ళింది.

1645 ఏప్రిల్ 3న క్లెర్కెన్‌వెల్‌లో ఆమెను పూడ్చిపెట్టారు. చర్చి రిజిస్టర్‌లో పేరు పక్కన 'పెన్షనర్' అని రాసి ఉంది. ఆ కాలపు రిజిస్టర్‌లో ఆ మాటకు ఏటేటా కట్టుగా వచ్చే రాబడి ఉన్న మనిషి అని అర్థం, కాబట్టి గడ్డి బళ్ళ మీదో మరోచోట నుంచో ఆమె తన వాటా కొంతైనా రాబట్టుకున్నట్టే ఉంది.